గెస్టాల్ట్ చికిత్స: వికాసం, విమర్శనాత్మక పరిశీలన

గెస్టాల్ట్ అనే మాట వినగానే మీలో చాలామందికి సుల్తాన్ గుర్తొస్తుంది. డి.ఎడ్., బి.ఎడ్. చదివినవారికైతే తప్పకుండా గుర్తొస్తుంది. బోను బయట ఉన్న అరటిపండు కోసం రెండు వెదురు కర్రలను ఒకదానిలో ఒకటి దూర్చి పొడవు చేసుకున్న చింపాంజీ అది. టెనెరిఫ్ ద్వీపంలో కోహ్లర్ చేసిన ఆ ప్రయోగాన్ని ‘అంతర్దృష్టి అభ్యసనం’ అనే శీర్షిక కింద రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే మనమంతా. అందుకని ‘గెస్టాల్ట్ చికిత్స’ అన్న పేరు చూడగానే, ఆ సిద్ధాంతాన్నే చికిత్సకు అన్వయించి ఉంటారని అనుకోవడం సహజం. నేను కూడా ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్ళు అలాగే పాఠం చెప్పాను. అది సగమే నిజం.

వర్థీమర్ 1912లో కదలిక ప్రత్యక్షం మీద ప్రచురించిన పరిశోధనతో మొదలైనది గెస్టాల్ట్ మనోవిజ్ఞానం. దాని విషయం చూపు, వినికిడి, ఆలోచన. 1951లో న్యూయార్క్‌లో పుస్తకరూపం పొందినది గెస్టాల్ట్ చికిత్స. దాని విషయం మనిషి బాధ. రెండోదాన్ని ప్రచారం చేసిన ఫ్రిట్జ్ పెర్ల్స్, గెస్టాల్ట్ మనోవిజ్ఞాన పాఠ్యగ్రంథాలను తాను చదవనేలేదనీ, కొన్ని వ్యాసాలు మాత్రం చూశాననీ ఆత్మకథలో స్వయంగా ఒప్పుకున్నాడు. ఈ ఒప్పుకోలును పట్టుకుని మేరీ హెన్లీ అనే గెస్టాల్ట్ మనోవిజ్ఞానవేత్త 1978లో ప్రచురించిన వ్యాసంలో రెండింటికీ పేరు తప్ప చుట్టరికం లేదని తేల్చేసింది. వంశవృక్షం విషయంలో ఆమె మాట చాలావరకు సరైనదే. అయితే ఒక్క భావన మాత్రం అక్కడి నుంచి ఇక్కడికి నిజంగానే వచ్చింది. అదే ఆకృతి–నేపథ్యం. ఈ వ్యాసంలో నేను చేసే విమర్శకు కొలబద్ద కూడా అదే. తన సొంత మూలసూత్రానికి ఈ చికిత్స ఎంతవరకు కట్టుబడి ఉంది, ఎక్కడ తప్పింది అన్నదే నా ప్రశ్న.

ఒకే చెట్టు, నలుగురి చూపు

పదవీ విరమణ తరవాత నేను ఆగిరిపల్లిలో ఉంటున్నాను. శోభనాచలం కొండ కనిపించేంత దూరంలో మాకు కొద్దిపాటి మామిడితోట ఉంది. సంక్రాంతి దాటి చెట్లు నిండుగా పూతకు వచ్చినప్పుడు కాపు కొనే వ్యాపారి వస్తాడు. నేను చూసేది పూత, దాని వాసన, దాని మీద మూగే ఈగలు. ఆయనకు ఇవేవీ పట్టవు. ఆ పూతలో ఎంత నిలిచి పిందె కడుతుంది, ఆ పిందెలో ఎంత గాలికి రాలిపోతుంది, కిందటేడు విరగకాసిన చెట్టు ఈ ఏడు మొహం చాటేస్తుందా – ఇదీ ఆయనకు కనిపించేది. మందు కొట్టడానికి వచ్చిన మనిషి పూగెల మీద తేనెమంచు పురుగు కోసం చూస్తాడు. మా మనవరాలు ఉయ్యాల కట్టడానికి కొమ్మ చూస్తుంది. చెట్టు ఒకటే. ఎవరి అవసరం ఏదో అది ముందుకు వచ్చి ఆకృతి అవుతుంది. మిగిలినదంతా నేపథ్యంగా వెనక్కి తగ్గుతుంది. ఇదే సంగతిని కర్ట్ లెవిన్ 1917లో యుద్ధరంగం గురించి చెప్పాడు. సైనికుడికి కనిపించే పొలం, శాంతికాలంలో దారిన పోయేవాడికి కనిపించే పొలం ఒకటి కాదన్నాడు.

ఇక్కడ అభ్యాసకులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఆకృతికి అర్థం నేపథ్యం నుంచే వస్తుంది. వ్యాపారి వెనక ఉన్న అప్పు, నున్న మార్కెట్ ధర, కిందటేడు వచ్చిన నష్టం తెలియకుండా ఆయన చూపును మాత్రమే వివరించలేం. ఈ మాటను పక్కన పెట్టుకుని చరిత్రలోకి వెళ్దాం.

నమలడం దగ్గర మొదలైన సిద్ధాంతం

పెర్ల్స్ 1893లో బెర్లిన్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో పనిచేశాడు. వైద్యవిద్య పూర్తిచేసి 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్ళి, మెదడుకు గాయాలైన సైనికులకు చికిత్స చేస్తున్న కర్ట్ గోల్డ్‌స్టీన్ దగ్గర చేరాడు. గాయపడిన భాగాన్ని విడిగా చూడకూడదు, మొత్తం మనిషి ఆ గాయంతో ఎలా సర్దుకుంటున్నాడో చూడాలి అన్నది గోల్డ్‌స్టీన్ పద్ధతి. అక్కడే లోరె పోస్నర్ పరిచయమైంది. తరవాతి కాలంలో లారా పెర్ల్స్‌గా ప్రసిద్ధురాలైన ఈమె గెస్టాల్ట్ మనోవిజ్ఞానంలోనే డాక్టరేటు పొందింది. మార్టిన్ బూబర్ దగ్గర, పాల్ టిలిక్ దగ్గర చదువుకుంది. భార్యాభర్తలిద్దరిలో గెస్టాల్ట్ చదువు సక్రమంగా చదివింది ఆమె. పేరు మోగింది ఆయనది. మన పాఠ్యపుస్తకాలు చాలావాటిలో ఆమె ఇప్పటికీ ఒక్క వాక్యానికి మించదు.

హిట్లర్ అధికారానికి వచ్చిన 1933లో యూదులైన ఈ దంపతులు నెదర్లాండ్స్‌కు, మరుసటి ఏడు దక్షిణాఫ్రికాకు వెళ్ళిపోయారు. జోహానెస్‌బర్గ్‌లో మనోవిశ్లేషణ సంస్థను స్థాపించారు. 1936లో పెర్ల్స్ యూరప్‌కు వచ్చి మారియెన్‌బాడ్ సమావేశంలో ఒక పత్రం చదివాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఫ్రాయిడ్‌ను కలవబోతే గుమ్మం దగ్గర నాలుగు మాటలతో పంపేశాడు. ఆ అవమానాన్ని పెర్ల్స్ ముప్పై ఏళ్ళ తరవాత కూడా చెప్పుకుంటూనే ఉన్నాడు. తీరని పనుల గురించి సిద్ధాంతం చెప్పినవాడికే తీరని పని ఒకటి మిగిలిందన్నమాట.

ఆ నిరాదరణకు గురైన పత్రమే పెరిగి 1942లో ‘ఈగో, హంగర్ అండ్ అగ్రెషన్’ అనే పుస్తకమైంది. ఫ్రాయిడ్ కామప్రవృత్తికి ఇచ్చిన చోటును పెర్ల్స్ ఆకలికి ఇచ్చాడు. పళ్ళు రాకముందు బిడ్డ పీల్చుకుంటుంది. ముందరి పళ్ళు వచ్చాక కొరుకుతుంది. దవడపళ్ళు వచ్చాక నములుతుంది. నమలకుండా మింగిన తిండి అరగనట్టే, ప్రశ్నించకుండా మింగిన మాటలు, నీతులు, భయాలు మనలో పరాయి వస్తువుల్లా ఉండిపోతాయి. దీన్నే అంతర్గ్రహణం అంటారు. నూజివీడు ప్రాంతంవారికి దీన్ని వివరించడం తేలిక. చిన్నరసాన్ని మెత్తగా పిసికి, ముచ్చిక తీసి జుర్రుకుంటాం. బంగినపల్లిని కోసి, ముక్క కొరికి నములుతాం. పెద్దలు చెప్పిన ప్రతిమాటనూ రసంపండు జుర్రుకున్నట్టు జుర్రుకుని పెరిగిన మనిషికి, కొరికి నమిలే పని నేర్పడమే చికిత్స అని పెర్ల్స్ ఉద్దేశం. ఈ పరిశీలనకు పునాది లారా తన పిల్లలకు పాలు మాన్పించి అన్నం అలవాటు చేస్తున్నప్పుడు రాసుకున్న గమనికలు. పుస్తకంలో కొన్ని అధ్యాయాలు కూడా ఆమె చేతివే. అట్ట మీద మాత్రం ఒక్క పేరే ఉంది.

దక్షిణాఫ్రికా సైన్యంలో మనోవైద్యుడిగా పనిచేసి, 1946లో పెర్ల్స్ న్యూయార్క్ చేరుకున్నాడు. 1951లో రాల్ఫ్ హెఫర్‌లైన్, పాల్ గుడ్‌మన్‌లతో కలిసి ‘గెస్టాల్ట్ థెరపీ’ గ్రంథం వెలువరించాడు. ఇది రెండు భాగాల పుస్తకం. సిద్ధాంత భాగాన్ని ప్రధానంగా గుడ్‌మన్ రాశాడు. అభ్యాసాల భాగాన్ని హెఫర్‌లైన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో తన విద్యార్థుల చేత చేయించి, వాళ్ళు రాసిచ్చిన అనుభవాలతో సహా అచ్చువేశాడు. విసుక్కున్నవాళ్ళ మాటలూ, ఇదంతా దండగ అన్నవాళ్ళ మాటలూ దాచకుండా వేశాడు. దూరవిద్యలో చదివే మీరు ఆ భాగాన్ని తప్పక చూడాలి. విద్యార్థి అయిష్టాన్ని కూడా సమాచారంగా స్వీకరించే మర్యాద మన పాఠ్యపుస్తకాల్లో అరుదు.

ఆ పుస్తకంలో మనిషి అంటే చర్మం లోపల ఉన్నది మాత్రమే కాదు. ప్రాణికీ పరిసరానికీ మధ్య సరిహద్దు దగ్గర జరిగే సంపర్కమే మనసు. కాబట్టి రుగ్మత కూడా ఆ సరిహద్దు దగ్గరే ఉంటుంది. సంపర్కం ఎక్కడ, ఎలా తెగుతోందో ఎరుకతో గమనించడమే చికిత్స. మరుసటి ఏడు న్యూయార్క్‌లో స్థాపించిన సంస్థలో లారా జీవితాంతం ఈ దారిలోనే పనిచేసింది. ఆమె నొక్కి చెప్పిన మాట ‘ఊతం’. తగినంత ఊతం ఉన్నంతమేరకే మనిషి సంపర్కాన్ని తట్టుకోగలడు అనేది. అంటుమొక్కకు పక్కన కర్ర పాతి కట్టేవాడికి ఈ సంగతి విడిగా చెప్పనక్కరలేదు.

కుర్చీ మిగిలింది

1964లో పెర్ల్స్ కాలిఫోర్నియాలోని ఎసలెన్ చేరాడు. అక్కడి నుంచి మరో కథ. వారాంతపు శిబిరాలు, గుంపు ముందు ఒకరిని కూర్చోబెట్టి చేసే ప్రదర్శనలు, టేపుల్లో రికార్డు చేసి పుస్తకాలుగా వేయడం. ఖాళీ కుర్చీ పద్ధతి పేరు పడింది అప్పుడే. ఎదుటి కుర్చీలో మీ తండ్రి ఉన్నట్టు ఊహించుకోండి, చెప్పలేకపోయిన మాట చెప్పండి, ఆ తరవాత అటు వెళ్ళి కూర్చుని ఆయన తరఫున జవాబు చెప్పండి. దీని మూలం మొరెనో సైకోడ్రామాలో ఉంది. ఎవరి జీవితం వారిది, ఒకరి ఆశల ప్రకారం ఇంకొకరు బతకనక్కరలేదు అనే అర్థం వచ్చే పెర్ల్స్ చిన్న ప్రార్థన ఒకటి ఆ రోజుల్లో అమెరికాలో గోడబొమ్మల మీదికి ఎక్కింది. 1970లో ఆయన చనిపోయేనాటికి ప్రపంచానికి తెలిసిన గెస్టాల్ట్ చికిత్స ఇదే. మన తరగతి గదులకు చేరింది కూడా చాలావరకు ఇదే. 1951 పుస్తకం రాలేదు, లారా రాలేదు, కుర్చీ వచ్చింది.

1964లో తీసిన ‘గ్లోరియా’ చిత్రాన్ని మీలో కొందరు సంపర్క తరగతుల్లో చూసి ఉంటారు. ఒకే మహిళ రోజర్స్, పెర్ల్స్, ఎల్లిస్‌లతో వరుసగా మాట్లాడుతుంది. ఆమె భయంగా ఉందంటూనే నవ్వితే పెర్ల్స్ ఆ నవ్వును నటన అంటాడు, ఆమెకు కోపం తెప్పిస్తాడు. విద్యార్థులు ఎప్పుడూ ఆయన చురుకుకు ముచ్చటపడతారు. నేనూ పడ్డాను. అయితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ముందు భయం వేసినప్పుడు నవ్వడం నటన కాదు, అదొక మర్యాద. ఆ నవ్వును లాగేస్తే దాని వెనక ఉన్న మనిషికి పట్టుకోవడానికి ఏం మిగులుతుందో ఆలోచించాలి.

ఈ ఆలోచన నాకు పుస్తకంలో దొరకలేదు. చాలా ఏళ్ళ కిందట కౌన్సెలింగ్ శిక్షణ శిబిరం ఒకదానికి నన్ను పిలిచారు. బయటి నుంచి వచ్చిన శిక్షకుడు మంచి వక్త. పాల్గొన్నవారిలో ఒక యువతిని ముందుకు పిలిచి, ఎదుటి కుర్చీలో మీ అత్తగారు ఉన్నారు, ఇన్నాళ్ళూ దిగమింగుకున్నది అనేయండి అన్నాడు. ఆమె ముందు నవ్వింది. ఆయన ఒప్పుకోలేదు. ఆమె గొంతు పెరిగింది, ఏడ్చింది, కుర్చీని తోసేసింది. గది చప్పట్లతో మారుమోగింది. కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. సాయంత్రం బస్టాపులో ఆమె ఒక్కతే నిలబడి ఉంది. అరగంటలో ఆ అత్తగారున్న ఇంటికే వెళ్ళాలి. “రాత్రికి వంటేం చెయ్యాలో ఆలోచిస్తున్నానండీ” అంది నాతో. మర్నాడు శిబిరానికి రాలేదు. ఆపైన కూడా రాలేదు.

శిక్షకుడు ఏ తప్పూ చేయలేదని పద్ధతి ప్రకారం వాదించవచ్చు. ఆకృతి స్పష్టంగా బయటికి వచ్చింది కదా! కాని నేపథ్యాన్ని ఎవరు చూశారు? ఆ ఇల్లు, ఆ రాత్రి, ఆమె తరఫున మాట్లాడే మనిషి ఒక్కరైనా ఉన్నారా లేదా అన్నది – ఇవేవీ గదిలోకి రాలేదు. ఆమెకు సంపర్కం దొరికింది కుర్చీతో. ఊతం ఎవరూ ఇవ్వలేదు.

అలకను ఏమనాలి?

సంపర్కం తెగే తీరుల్లో ఒకదాన్ని ఈ చికిత్స ‘వెనక్కి మళ్ళింపు’ అంటుంది. ఎదుటివారి మీద చూపవలసిన కోపాన్ని మనిషి తన మీదికే తిప్పుకోవడం. దీనికి ఉదాహరణ చెప్పమంటే మన విద్యార్థులు వెంటనే, అలిగి అన్నం మానేయడం అని రాస్తారు. నేను కూడా చాలాకాలం మార్కులు వేశాను. ఇప్పుడైతే సగం మార్కులే వేస్తాను.

అలక ఒంటరి పని కాదు. తెలియనివాళ్ళ దగ్గర ఎవరూ అలగరు. బతిమాలేవాళ్ళు ఉన్నారన్న ధీమా ఉన్నచోటే అలుగుతారు. ‘ఆకలి లేదు’ అని గోడవైపు తిరిగి పడుకున్న మనిషి చెవులు వంటింటి వైపే ఉంటాయి. మన భాషలో అలకకు ‘తీర్చడం’ అనే క్రియ జంటగా ఉంది. పెళ్ళిలో అలకపాన్పు ఒక వేడుక. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో, మన కృష్ణాతీరపు కూచిపూడివారి ‘భామాకలాపం’లో సత్యభామ అలక లేకపోతే కథే లేదు. అంటే సిద్ధాంతం సంపర్కం తెగిపోయింది అని గుర్తించే చోట, మన సమాజం సంపర్కానికి ఒక ప్రత్యేకమైన రూపాన్ని తీర్చిదిద్దుకుంది. మాట ఆగినంతమాత్రాన సంభాషణ ఆగలేదు.

దీన్ని మురిపెంగా చెప్పి వదిలేయడం కూడా పొరపాటే. అలిగే హక్కు అందరికీ సమానంగా లేదు. అలకపాన్పు ఎక్కేది పెళ్ళికొడుకు. కొత్తకోడలు రెండు పూటలు తినకపోతే గమనించేవాళ్ళే లేని ఇళ్ళు ఉన్నాయి. బతిమాలేవాళ్ళు లేని అలక అలక కాదు. అదే అసలైన వెనక్కి మళ్ళింపు, ప్రమాదకరమైనది కూడా. తినకపోవడం అనే ప్రవర్తన రెండుచోట్లా ఒకటే. ఒకటి ఆటలో భాగం, రెండోది ప్రాణం మీదికి వచ్చేది. తేడా ఆ మనిషి లోపల లేదు, చుట్టూ ఉంది. కాబట్టి కౌన్సెలర్ అడగవలసిన మొదటి ప్రశ్న ‘నీకు ఎవరి మీద కోపం?’ అన్నది కాదు. ‘నువ్వు తినకపోతే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?’ అని అడగాలి. శిబిరానికి వచ్చిన ఆ యువతిని మేం ఈ ప్రశ్న అడగలేదు.

దయానిధి పని ఎందుకు తీరలేదు

ఖాళీ కుర్చీకి ఆధారమైన భావన ‘తీరని పని’. దీన్ని జైగార్నిక్ 1927లో ప్రచురించిన ప్రయోగాలతో ముడిపెట్టడం ఆనవాయితీ. మధ్యలో ఆపిన పనులు పూర్తయినవాటికంటే ఎక్కువ గుర్తుంటాయని ఆమె చూపింది. తరవాతి ప్రయోగాల్లో ఈ ఫలితం నిలకడగా రాలేదు. ఆగిన పనిని మనిషి మళ్ళీ అందుకోబోతాడన్న ఆమె సహాధ్యాయి ఒవ్‌సియాంకినా పరిశీలనే గట్టిగా నిలబడింది. పరీక్షలో రాసేటప్పుడు ఈ తేడా పాటించండి.

తెలుగులో తీరని పనికి బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’కి మించిన ఉదాహరణ నాకు తెలియదు. రచయిత మన ఏలూరులో పుట్టినవాడే. కథానాయకుడు దయానిధి వైద్యుడు. తల్లి నడవడి గురించిన గుసగుసలు అతన్ని నీడలా వెంటాడతాయి. ఊరు మారినా, ఉద్యోగం మారినా, ఎదుట ఏ స్త్రీ ఉన్నా ఆ నీడ మధ్యలోకి వస్తుంది. మనోవిశ్లేషణ పరిభాషలో ఈ నవలను చదివిన విమర్శకులు అతని లోపలి గ్రంథిని వెతికారు. గెస్టాల్ట్ పరిభాష తెలిసినవారైతే తల్లిని ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టమంటారు. ఆమెతో మాట్లాడితే, ఆమెను క్షమిస్తే, లేదా ఆమెనే క్షమించమని అడిగితే పని తీరిపోతుందని.

తీరదు. ఎందుకంటే ఆ పనిని తీరనివ్వకుండా ఉంచుతున్నది చనిపోయిన తల్లి కాదు, బతికున్న ఊరు. దయానిధి మర్చిపోవడానికి సిద్ధపడిన ప్రతిసారీ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. గుసగుస ఆగనంతకాలం కుర్చీలో కూర్చోబెట్టవలసింది తల్లిని కాదు, నోళ్ళను. అన్ని నోళ్ళకు సరిపడా కుర్చీలు ఏ చికిత్సాగదిలోనూ ఉండవు. తీరని పనిని వ్యక్తి మనసులో దాచుకున్న మూటగా చూసిన ఎసలెన్ పద్ధతికి ఈ నవల దగ్గర జవాబు లేదు. సరిహద్దు దగ్గర, పరిసరంతో కలిపి చూడమన్న 1951 పుస్తకానికి ఉంది. గుడ్‌మన్ 1960లో ‘గ్రోయింగ్ అప్ అబ్సర్డ్’లో అమెరికా కుర్రవాళ్ళ సమస్యను వాళ్ళ మనసుల్లో కాక, వాళ్ళు పెరుగుతున్న సమాజంలో వెతికింది కూడా ఈ దృష్టితోనే.

ఏది ఉంచుకోవాలి

ఇంత చెప్పాక కుర్చీని పారేయమంటున్నానని అనుకోకండి. కెనడాలో లెస్లీ గ్రీన్‌బర్గ్, సాండ్రా పైవియో 1995లో ప్రచురించిన పరిశోధనలో, తీరని బాధ ఉన్నవారికి కుర్చీ సంభాషణ బోధనాపద్ధతి కంటే బాగా పనిచేసింది. అయితే వాళ్ళు చేసింది ఒక్క సాయంత్రపు ప్రదర్శన కాదు. వారాల తరబడి, ఒకే చికిత్సకుడితో, నమ్మకం ఏర్పడ్డాక చేసింది. మరోవైపు లీబర్‌మన్, యాలమ్, మైల్స్ 1973లో ప్రచురించిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో, ఆకర్షణీయంగా, దూకుడుగా నడిపే నాయకుల బృందాల్లోనే ఎక్కువమంది దెబ్బతిన్నట్టు తేలింది. మా శిబిరం శిక్షకుడు నాకు ఈ పేజీల్లో కనిపించాడు. చప్పట్లు కొడుతూ నేను కూడా.

మన దేశంలో దీనికి సరిపోయే అనుభవం లేకపోలేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాలు వేసి ఉంచి చికిత్సలో భాగం చేశాడు. ఆయన గెస్టాల్ట్ పేరు చెప్పలేదు. నేపథ్యాన్ని మాత్రం ఆస్పత్రిలోకి తెచ్చుకున్నాడు. మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1970లలో రాసిన వ్యాసాల్లో, ఒకరి మీద ఒకరు ఆధారపడటాన్ని రోగంగా చూడటం పాశ్చాత్య సమాజపు అలవాటని వాదించాడు. పెర్ల్స్ ప్రార్థన పక్కన పెట్టి చదవవలసిన వ్యాసాలు అవి.

ఈ భాగానికి సంబంధించిన అభ్యాసం: గత నెల రోజుల్లో మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో మీరు చూసిన ఒక అలకను రెండు పేజీల్లో వర్ణించండి. పేర్లు రాయవద్దు. ఎవరు అలిగారు, ముందుగా ఎవరు గమనించారు, ఎవరు బతిమాలారు, ఎంతసేపటికి తీరింది, తీరకపోతే ఆ మనిషి ఆ రాత్రి ఏం చేశారు అన్నవి ఉండాలి. మీ వ్యాఖ్య చివరి పేరాలో మాత్రమే రాయండి. ఖాళీ కుర్చీ పద్ధతిని ఇంట్లో మీ అంతట మీరు ప్రయత్నించవద్దు, ఇతరుల మీద అసలే ప్రయత్నించవద్దు. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ రెండు పేజీలు వెంట తెచ్చుకోండి.